దిగడం, కడగడం, తీయడం

ఫోటోకి తెలుగులో మూడు క్రియలున్నాయి. ఫోటో తీస్తారు, ఫోటో దిగుతారు, ఫోటో కడుగుతారు. ఫిలిం కెమెరా ఉన్నన్నాళ్ళూ ఇవి మూడు వేరువేరు పనులు, వేరువేరు మనుషులవి. తీసేది దాదాపు ఎప్పుడూ మగవాడు. దిగేది ఎవరైనా కావచ్చు గానీ, ఎప్పుడు దిగాలో, ఎవరి పక్కన నిలబడాలో, తల ఎంత వంచాలో చెప్పేది మాత్రం తీసేవాడో, అతనికి డబ్బులిచ్చేవాడో. ఇక కడగడం చీకటిగదిలో జరిగేది. అది ఎవరు చేశారో బయటికి కనిపించేది కాదు. అంట్లు కడగడం, పిల్లల కాళ్ళు కడగడం, ఫోటోలు కడగడం, మన భాషలో అన్నిటికీ ఒకటే మాట.

ఫిలిం కెమెరాల కాలం అయిపోయిందని బెంగపడుతూ రాసినవి చాలానే చదివాను. రీలు తిప్పేటప్పుడు వచ్చే చప్పుడు, హైపో వాసన, ఫోటోలు కడిగి వచ్చేదాకా వారం రోజుల ఎదురుచూపు, ఇవన్నీ వాటిలో ఉంటాయి. అవి అబద్ధాలని అనను. కానీ అవి కెమెరా చేతిలో ఉన్నవాళ్ళ జ్ఞాపకాలు. కెమెరా ఎదురుగా నిలబడ్డవాళ్ళు, దాని వెనక చీకట్లో పనిచేసినవాళ్ళు ఈ మార్పుని ఎలా చూస్తారు? వాళ్ళకి పోయిందేమిటి, వచ్చిందేమిటి? ఈ లెక్క చూడాలంటే నేను మా ఊరి నుంచే మొదలుపెట్టాలి.

మా మానవపాడు కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉంది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడేదాకా మాది మహబూబ్‌నగర్ జిల్లా. కాగితాల మీద జిల్లా కేంద్రం ఎక్కడున్నా ఆస్పత్రికీ, బట్టలకీ, సినిమాకీ మావాళ్ళు తుంగభద్ర దాటి కర్నూలు పోవడమే అలవాటు. నా చిన్నప్పుడు ఫోటోకీ అంతే. మగవాళ్ళు ఏదో పని మీద పోయి, జేబులో నాలుగు డబ్బులుంటే స్నేహితుల భుజాల మీద చేతులేసుకుని ఒక ఫోటో దిగి వచ్చేవాళ్ళు. ఆడమనిషి ఫోటో కోసం నది దాటాలంటే మాత్రం ఇంట్లో అందరూ ఒప్పుకునే కారణం ఉండాలి.

ఆ కారణం చాలామందికి ఒక్కసారే వచ్చేది, సంబంధాలు చూసేటప్పుడు. మా పెద్దమ్మ కూతురిని అలా తీసుకుపోయారు. పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన గద్వాల చీర, ఎవరివో గాజులు. స్టూడియోలో వెనక తెర మీద రంగుల్లో గీసిన మెట్లు, పూలకుండీలు. కుర్చీ మీద ఒక చెయ్యి ఆనించి నిలబడమన్నారు. నవ్వమని ఎవరూ అనలేదు, నవ్వొద్దని వాళ్ళ నాయన అన్నాడు. మూడు కాపీలు వేయించారు. ఆ మూడూ ఎన్ని ఇళ్ళు తిరిగాయో, ఎవరెవరి చేతుల్లో పడ్డాయో ఆమెకి తెలియదు. సంబంధం కుదరకపోతే ఫోటో తిరిగి పంపడం మర్యాద అనేవాళ్ళు. పంపినవాళ్ళు తక్కువ. ఆ ఫోటోలో ఒక్క కాపీ కూడా ఇప్పుడు మా అక్క దగ్గర లేదు. నెగటివ్ స్టూడియోవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆడపిల్ల ఫోటో ఆమెకి తెలియకుండా చేతులు మారడం సెల్‌ఫోన్లతో పుట్టిన సమస్య అనుకుంటాం. కాగితం కాలంలో ఆ పనిని పెద్దమనుషులే చేశారు.

ఆ రోజుల్లో ఏ స్టూడియోకి పోయినా తలుపు పక్కన ఒక అద్దం, ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా ఉండేవి. పౌడరు ఎందుకో అందరికీ తెలుసు. నల్లగా ఉన్న పిల్ల ఫోటోలో ఇంకా నల్లగా పడుతుందని భయం. అది మా నలుపు తప్పే అనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసింది, అందులో ఫిలింకి కూడా వాటా ఉందని. అమెరికాలో కొడాక్ కంపెనీ కలర్ ఫోటోలు ప్రింటు చేసే ల్యాబులకి సరిచూసుకోవడానికని ఒక నమూనా ఫోటో పంపేది. అందులో ఉండేది ఒక తెల్లజాతి యువతి. మొదట ఆ ఫోటో దిగిన ఉద్యోగిని పేరు షెర్లీ కాబట్టి దాన్ని షెర్లీ కార్డు అనేవాళ్ళు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టు లెక్క. లోర్నా రోత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో దీని మీద ఒక వ్యాసం రాసింది. ముదురు రంగులు ఫిలిం మీద సరిగ్గా పడటం లేదని కొడాక్ గట్టిగా పట్టించుకున్నది నల్లవాళ్ళు అడిగినప్పుడు కాదట, చాక్లెట్ల కంపెనీలూ చెక్క సామాన్ల కంపెనీలూ ఫిర్యాదు చేసినప్పుడు. అది చదివినప్పుడు నాకు మా అక్క మొహాన మెత్తిన పౌడరు గుర్తొచ్చింది. పొలం ఎండలో పెరిగిన పిల్ల మొహం షెర్లీ మొహంతో పోటీపడిందన్నమాట. ఆ పోటీ పెట్టారని ఎవరికీ తెలియదు.

పెళ్ళిళ్ళకి ఫోటోగ్రాఫర్‌ని పిలవడం మొదలయ్యాక కూడా లెక్క పెద్దగా మారలేదు. ఒక రీలుకి ముప్ఫయ్యారు ఫోటోలు. ఆగ్‌ఫా క్లిక్ త్రీ లాంటి పాత కెమెరాలకైతే పన్నెండే. ప్రతి ఫోటోకీ ఖర్చు. అందుకని ఎవరి మీద ఖర్చు పెట్టాలన్నది ముందే నిర్ణయమైపోయేది. వియ్యంకులకి ఒకటి, ఊరి పెద్దలకి ఒకటి, ఉద్యోగం చేసే మేనమామకి ఒకటి, తాళి కట్టేటప్పుడు రెండు మూడు. మూడు రోజుల నుంచి పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళకి విడిగా ఒక్క ఫోటో కూడా మిగిలేది కాదు. చివర్లో రీలులో ఒకటో రెండో మిగిలితే "రాండి రాండి, అందరూ రాండి" అని పిలిచేవాళ్ళు. చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక వరసలో నిలబడేవాళ్ళు. మా ఇంటి ఫోటోల్లో ఆడవాళ్ళ చీరలు నలిగి ఉండటానికి కారణం అదే.

ఇంటి అనుమతి అక్కర్లేకుండా మా ఊరి ఆడవాళ్ళు ఫోటో దిగింది ప్రభుత్వం పుణ్యమా అనే. ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులు ఇవ్వడం 1993లో మొదలుపెట్టింది. మా వీధిలో కొందరు ముసలమ్మలకి జీవితంలో మొదటి ఫోటో అదే. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలు, బ్యాంకు పాసుబుక్కులు. పాసుబుక్కు కోసం నది దాటిపోయిన పదిమంది, పని అయ్యాక సొంత డబ్బులతో అందరూ కలిసి ఇంకో ఫోటో దిగి వచ్చారు. ఇంటికొచ్చాక ఎందుకు దిగారని తిట్లు తిన్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఫోటోలో ఒక్కరి తలా వంచి లేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు తమకి తామే నిర్ణయించుకుని దిగిన మొదటి గ్రూపు ఫోటో అదేనని నా నమ్మకం.

మా అవ్వకి ఆ అవకాశం కూడా రాలేదు. ఆమె 1980ల్లోనే పోయింది. పోయాక పటం కట్టించాలంటే ఇంట్లో ఆమె విడి ఫోటో లేదు. ఉన్నది ఒక్కటే, మా పిన్ని పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో, బ్లాక్ అండ్ వైట్‌ది. అందులో అవ్వ వెనక వరసలో చివరన ఉంది, చంకలో ఎవరి బిడ్డో. ముందు నిలబడ్డాయన భుజం అడ్డమొచ్చి ఆమె ఎడమ చెంప కనిపించదు. కర్నూలు స్టూడియోలో ఇస్తే ఆ తలని విడిగా పెద్దది చేసి, కనిపించని చెంపని బ్రష్షుతో గీసి, భుజాల మీదికి చీర కప్పి ఇచ్చారు. అలా సగం ఆమెదీ సగం ఊహించిందీ అయిన మొహానికి దండ వేశాం. ఆ ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ ఉండేదని మా అమ్మ అంటుంది. పటంలో లేదు. అమ్మ తప్ప ఆ మచ్చని చూసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది. ఇటు అలంపూర్ మునిగింది, రాజోలి మునిగింది. మా పిన్ని ఇల్లు కర్నూల్లోనే. నీళ్ళు తీశాక పోయి చూస్తే బీరువా నిండా ఒండ్రు. చీరలూ నగలూ తర్వాత చూసుకోవచ్చని, పిన్ని మొదట ఆల్బములు బయటికి తీసింది. బకెట్లో మంచినీళ్ళు పోసి ఒక్కొక్క ఫోటోనీ కడిగింది. ఫోటో కాగితం మీద బొమ్మని పట్టి ఉంచేది జెలటిన్ పొర. నీళ్ళలో రెండు రోజులు నానితే అది ఉబ్బి జావలా అవుతుంది. కడుగుతుంటే పెళ్ళికూతురి మొహం, పసుపు బట్టలు, పందిరి, అన్నీ వేళ్ళకి రంగులుగా అంటుకుని వచ్చేశాయి. తీగ మీద ఆరేసినవాటిలో సగం ఖాళీ కాగితాలు. ఆ గ్రూపు ఫోటో అద్దం బిగించిన ఫ్రేములో ఉంది. బొమ్మంతా అద్దానికి అతుక్కుపోయింది, విడదీయబోతే ముక్కలైంది. ఆ వారం కర్నూల్లో చాలా మిద్దెల మీద ఆడవాళ్ళు ఇదే పని చేశారు. ఆ వరద గురించి తెలుగులో చాలా రాశారు, ఎన్ని లక్షల క్యూసెక్కులో రాశారు. పోయిన ఫోటోలు ఏ నష్టపరిహారం జాబితాలోనూ లేవు.

నెగటివ్ ఉంటే మళ్ళీ వేయించవచ్చు కదా అని నేను ఆ స్టూడియో కోసం వెతికాను. ఫిలిం కాలంలో నెగటివ్ ఉన్నవాళ్ళదే ఫోటో. కాపీ ఎన్ని వేయాలన్నా అదే కావాలి, అందుకే స్టూడియోలవాళ్ళు కవర్ల మీద నంబర్లు వేసి ఏళ్ళ తరబడి దాచేవాళ్ళు. వెళ్ళి చూస్తే అక్కడ స్టూడియో లేదు, సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు ఉంది. స్టూడియో ఆయన పోయి అప్పటికి ఏళ్ళయింది. పైన వాటాలో ఆయన భార్య ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి. నెగటివ్ సంగతి అడిగితే కాసేపు నా మొహం చూసి, "ఇంకెక్కడి నెగటివులమ్మా" అని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

ఆమె చెప్పాక గాని నాకు తెలియలేదు, ఆ స్టూడియోలో ఇరవై ఏళ్ళకి పైగా ఫోటోలు కడిగింది ఆమేనని. "మా ఆయన తీస్తుండె, నేను కడుగుతుంటి" అంది. వంటింటి పక్క సామాన్ల గదిని చీకటిగది చేసుకున్నారు. కిటికీకి నల్లగుడ్డ, లోపల ఒక ఎర్ర బల్బు. పిల్లలు నిద్రపోయాక రాత్రి తొమ్మిదికి లోపలికి పోతే పన్నెండో ఒంటిగంటో అయ్యేది. ఒక తొట్టిలో డెవలపర్, ఇంకో దాంట్లో హైపో, మూడో దాంట్లో నీళ్ళు. డెవలపర్‌లో కాగితం ఎంతసేపు ఉంచాలో గడియారం చూడకుండా చెప్పగలిగేదట. ఎండాకాలంలో కర్నూలు వేడికి మందునీళ్ళు కాగితే బొమ్మ తొందరగా నల్లబడిపోతుందని తొట్టి కింద ఐసుగడ్డ పెట్టేది. డెవలపర్‌లో ఉండే మెటాల్ చాలామంది చర్మానికి పడదు. ఆమె వేళ్ళకి పగుళ్ళూ దురదా వచ్చి మానేవి కావు. గోళ్ళు ఎప్పుడూ గోధుమరంగులోనే ఉండేవట. "పెళ్ళిళ్ళకి పోతే చేతులు కొంగు కింద పెట్టుకుంటుంటి" అంది.

బ్రష్షు పని కూడా ఆమెదే. నెగటివ్ మీద మచ్చలు చెరపడం, కళ్ళు మూసిన ఫోటోకి కళ్ళు తెరిపించడం, పోయినవాళ్ళ తలలకి భుజాలు గీయడం. "సగం మొహాలు ఎన్నో వస్తుండె. కనపడని చెంప మనకేం తెలుసు, కనపడే చెంప చూసి రాస్తుంటి." మా అవ్వ చెంప కూడా ఆమె చేతిదే అయి ఉండాలి. నేను పుట్టుమచ్చ సంగతి చెప్పలేదు. మీరెప్పుడైనా కెమెరాతో తీశారా అని అడిగాను. "ఆ కెమెరా ఖరీదైందమ్మా, పడేస్తే ఎట్ల" అంది. వేల మొహాలు ఆ మందునీళ్ళలో మెల్లగా తేలి రావడం చూసిన మనిషి, ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. స్టూడియో బోర్డు మీద భర్త పేరు ఉండేది, ఫోటోల వెనక ముద్రలోనూ ఆయన పేరే. జీతం అన్న మాటే లేదు, ఇంటి పని కదా.

1888లో కొడాక్ మొదటి కెమెరా అమ్మినప్పుడు, మీట నొక్కడం మీ వంతు, మిగతాది మేం చూసుకుంటాం అని ప్రచారం చేసింది. ఆ మిగతాదంతా కడగడమే. మా వైపు ఆ మిగతాదాన్ని చూసుకున్నది ఈమెలాంటి ఆడవాళ్ళు.

నెగటివ్‌లు ఏమయ్యాయంటే, అమ్మేశారు. బ్లాక్ అండ్ వైట్ ఫిలిం మీద నల్లగా కనిపించేదంతా వెండే. కొడాక్, ఆగ్‌ఫా, మన ఊటీ దగ్గరి హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు', ఏదైనా సంగతి అదే. కలర్ ఫిలింలో మాత్రం ఆ వెండి కడిగేటప్పుడే మందునీళ్ళలోకి పోతుంది, రంగులే మిగులుతాయి. అందుకని పాత నెగటివ్‌లకీ, ఎక్స్‌రేలకీ, వాడేసిన హైపో నీళ్ళకీ కూడా కొనేవాళ్ళుండేవాళ్ళు. డిజిటల్ వచ్చి గిరాకీ తగ్గాక, వరదకి ఆరేడేళ్ళ ముందే, గోనెసంచుల్లో ఉన్న నెగటివ్‌లన్నీ కిలోల లెక్కన తూచి ఇచ్చేశారట. నడిగడ్డ నుంచి నది దాటి పోయి తల వంచుకుని దిగిన ఆడపిల్లలందరూ ఆ సంచుల్లో ఉన్నారు. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ డబ్బుతో నెల కిరాణా కట్టానని చెప్పింది.

ఆ తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. మొదటి డిజిటల్ కెమెరాని 1975లో తయారుచేసింది కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్. కంపెనీ దాన్ని పక్కన పెట్టి ఫిలిం అమ్ముకుంది. యాషికా కెమెరాలు తయారుచేసే క్యోసెరా 2005లో కెమెరాల నుంచి తప్పుకుంది. నికాన్ 2006లో చాలావరకు ఫిలిం కెమెరాలు ఆపేస్తున్నానని ప్రకటించింది. 2012 జనవరి 19న కొడాక్ దివాలా రక్షణ కోరింది. హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. ఉద్యోగాలు పోయినవాళ్ళ లెక్కలు ఆ కంపెనీలకి సంబంధించినంతవరకు దొరుకుతాయి. సామాన్ల గదిలో కడిగినవాళ్ళు ఉద్యోగులు కారు కాబట్టి వాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. ఆమె భర్త కొన్నాళ్ళు డిజిటల్ కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకి తిరిగాడు. ఆమె చేతిలో ఉన్న విద్యకి మాత్రం ఒక్కసారిగా పని లేకుండా పోయింది. దానికి ఆమె బాధపడిందా అంటే, "చేతులు మానినాయమ్మా" అంది. కాసేపాగి, "బొమ్మ తేలొచ్చేది చూడ్డానికి మాత్రం ఉండాల" అంది. నాకు ఆ రెండు మాటలూ కలిపి కావాలి. ఫిలిం పోయిందని ఏడ్చేవాళ్ళకి మొదటిది తెలియదు, సంతోషించేవాళ్ళకి రెండోది తెలియదు.

ఇక తీయడం. ఆడవాళ్ళు కెమెరా పట్టుకోలేదని కాదు. లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫోటోలు తీసింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆమె. ఆమెకి ఆ అవకాశం వచ్చింది పరదా లోపలికి మగవాడు పోకూడదు కాబట్టే. ఎలా వస్తేనేం, నిజాం రాజ్యంలో నూట ముప్ఫై ఏళ్ళ కిందటే ఒక స్త్రీ వృత్తిగా ఫోటోలు తీసింది. మన దేశపు మొదటి మహిళా ఫోటో జర్నలిస్టు హొమాయి వ్యారావాలా, మొదట్లో తను తీసినవాటిని భర్త పేరు మీద అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది. 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. కొడాక్ కోర్టుకి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు, 2012 జనవరి 15న ఆమె వడోదరలో చనిపోయింది. ఆ వారం పేపర్లలో రెండు వార్తలూ చదివాను. కొడాక్ వార్త పెద్దది.

మా వైపు చూస్తే, తీయడం అంటే బయటివాళ్ళు వచ్చి తీసుకుపోవడం. నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తనాలకి పేరు. పువ్వుకి పువ్వుకి చేత్తో క్రాసింగ్ చేసే పనికి బడి మాన్పించి ఆడపిల్లల్ని పెట్టేవాళ్ళు. 1990ల చివర నుంచి దాని మీద నివేదికలు వచ్చాయి, విలేఖరులు వచ్చారు, స్వచ్ఛంద సంస్థలవాళ్ళు వచ్చారు. ఆ నివేదికలు మేలు చేశాయి, కాదనను. కానీ పత్తిచెట్ల మధ్య నిలబెట్టి తీసిన ఆ ఫోటోల్లో ఒక్కటి కూడా దిగిన పిల్ల ఇంటికి రాలేదు. వాళ్ళ బాల్యానికి ఉన్న ఒకే ఒక్క ఆనవాలు ఎక్కడో ఏ ఫైల్లోనో ఉంది.

సెల్‌ఫోన్ వచ్చాక తీయడమూ దిగడమూ ఒకటైపోయాయి. కడగడం మాయమైంది. సెల్ఫీని వెక్కిరించే వ్యాసాలు చదివినప్పుడు నాకు నవ్వొస్తుంది. అద్దంలో చూసుకున్నట్టు తన మొహం తను చూసుకుంటూ, నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తీసుకుంటూ, నచ్చనిది ఎవరికీ తెలియకుండా తుడిపేసుకునే హక్కు మా అవ్వకి గాని అక్కకి గాని ఉందా? మా ఊరి చేలల్లో మధ్యాహ్నం సద్ది తిన్నాక కూలి ఆడవాళ్ళు చెయ్యి పైకెత్తి పదిమందీ పట్టేట్టు ఫోటో తీసుకోవడం చూశాను. ముప్ఫయ్యారు లెక్క లేదు. భుజం అడ్డం పెట్టి నిలబడే పెద్దమనిషి లేడు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియో కెమెరాలు పట్టుకుని తమ చేలనీ విత్తనాలనీ తామే సినిమాలుగా తీశారు. 2001లో వాళ్ళకంటూ ఒక మీడియా ట్రస్టే ఏర్పడింది. రీళ్ళ ఖర్చూ చీకటిగదీ అక్కర్లేని సాధనం రావడం వల్ల అది కొంతైనా తేలికైంది.

అయితే నెగటివ్ అనేది పోయిందని, దాని మీద పెత్తనం కూడా పోయిందని అనుకుంటే పొరపాటు. అది ఫోన్‌లోకి మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు మన దేశంలో నూటికి 54 మందే. మిగతావాళ్ళ ఫోటోలు భర్త ఫోన్లోనో, కొడుకు ఫోన్లోనో ఉంటాయి. ఆడపిల్ల ఫోన్ ఎవరైనా అడిగి తీసుకుని చూడొచ్చు. ఫోటో తీసుకుపోయి ఒంటికి తలకి అతుకులేసి బెదిరించేవాళ్ళు ఉన్నారు. అలా జరిగితే ఇంట్లోవాళ్ళు మొదట చేసే పని పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం. తీయడం మనదైంది గానీ, దాచడం ఇంకా మనది కాలేదు.

పోనీ దాచినవి నిలుస్తాయా? మా మేనకోడలి పెళ్ళి ఫోటోలు వేలల్లో ఉన్నాయి, ఒక్కటీ కాగితం మీద లేదు. ఉన్న ఫోన్ నీళ్ళలో పడితే మా పిన్నికి తీగ మీద ఆరేసుకోవడానికి సగం ఖాళీ కాగితాలైనా మిగిలాయి, వీళ్ళకి అవీ మిగలవు. పాత పటాన్ని బాగుచేసే కొత్త సాధనాలూ వచ్చాయి. మా తమ్ముడి కొడుకు ఈ మధ్య అవ్వ పటాన్ని ఫోన్లో ఎక్కించి ఏదో యాప్‌కి ఇచ్చాడు. క్షణంలో రంగులు వచ్చాయి, ముడతలు పోయాయి, ఎడమ చెంప కుడి చెంపకి సరిగ్గా జతైంది. మనిషి రెండు చాయలు తెల్లబడింది. అమ్మ కళ్ళజోడు సరిచేసుకుని చూసి, "ఈమె ఎవరే?" అంది. షెర్లీ ఎక్కడికీ పోలేదు. బ్రష్షు పట్టుకున్న ఆమెని అడిగితే కనీసం తెలియదు అని చెప్పేది.

ఇప్పుడు పట్నం కుర్రకారులో ఫిలిం మళ్ళీ ఫ్యాషనైంది. పెంటాక్స్ 2024లో కొత్త ఫిలిం కెమెరానే తెచ్చింది. ఇష్టమైనవాళ్ళు వాడుకోనీ. మా ఇంట్లో మా మామ వదిలేసిపోయిన యాషికా ఉంది, దాన్ని నేను అమ్మలేదు, ముద్దు చేయనూ లేదు. నాకు ఆ పెట్టె కంటే దాంతో తీసిన కాగితాలే ముఖ్యం. అవి నలభై చిల్లర మిగిలాయి. పోయిన సంక్రాంతికి వాటిని మంచం మీద పరిచి, ఎవరెవరో చెప్పమని అమ్మని అడిగాను. మగవాళ్ళందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా చెప్పింది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, "పెద్దింటి కోడలు", "పట్వారి చెల్లెలు", "ఆ శెట్టి రెండో పెండ్లాం". పక్కపక్క ఇళ్ళల్లో బతికి, కలిసి అప్పచ్చులు వండినవాళ్ళ పేర్లు ఆమె ఎప్పుడూ వినలేదు. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు కదా.

మెత్తటి పెన్సిలుతో, కాగితం మీద ఒత్తు పడకుండా, ఫోటోల వెనక పేర్లు రాస్తున్నాను. బాల్ పెన్ను అయితే బొమ్మవైపు గీత పొడుచుకొస్తుంది. రాసినవాటిని ఒక్కొక్కటీ స్కాన్ చేసి, పేర్లు తెలిసిన ఆడవాళ్ళ ఇళ్ళకి ఒక్కో కాపీ కాగితం మీద వేయించి పంపుతున్నాను. అవ్వ పటం వెనక కూడా రాశాను, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండేదని, ఆ చెంప గీసింది ఒక స్త్రీ అని. ఇంకా పదకొండు మంది పేర్లు తెలియాలి. వాళ్ళని ఎరిగినవాళ్ళు మానవపాడులో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఎనభై దాటాయి. ఎండలు ముదరక ముందే పోయి అడగాలి.